అంబాసిడర్ కారు నేర్పిన లెక్కలు



నిరుడు ఇదే సమావేశంలో మన సొసైటీ పాత అంబాసిడర్ కారును తుక్కు కింద అమ్మేద్దామన్న మాట వచ్చింది. వద్దు, మేము బాగుచేయిస్తామని ముగ్గురు ఉపాధ్యాయులం లేచి చెప్పాం. ఆ మాటకు లెక్క అప్పజెప్పడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాం.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 వరకు అంబాసిడర్లు తయారుచేశారు. మనది మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఒక దాత ఇచ్చిన ఆ బండిలోనే ఏళ్ళ తరబడి మహబూబ్‌నగర్ నుంచి రోగులను హైదరాబాదు ఆసుపత్రులకు చేర్చాం. అంబులెన్సు కొన్నాక అది వేపచెట్టు కింద ఆరేళ్ళు కదలకుండా ఉండిపోయింది.

"తిరిగిన బండికన్నా నిలబడ్డ బండే తొందరగ ఖరాబైతది సార్" అన్నాడు ఉస్తాద్, బానెట్ ఎత్తగానే. నిజమే. పిస్టన్లు పట్టేశాయి. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో ఆయిల్ పోసి, రెండు రోజులు నాననిచ్చి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పితే కదిలాయి. పెట్రోలు ఎండి జిగురై కార్బ్యురేటర్ జెట్‌లను మూసేసింది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమకు చక్రాల దగ్గరి బ్రేకు సిలిండర్లు తుప్పుపట్టాయి, లోపలి రబ్బర్లు పాడయ్యాయి. బోరు నీళ్ళు పోసి పోసి రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుంది. ఇవన్నీ ఒక్కొక్కటి విప్పి, కడిగి, పాడైనవి మార్చడానికి నాలుగు నెలలు పట్టింది.

షెడ్డులో ఒక అబ్బాయి పనిచేస్తున్నాడు. పదహారేళ్ళు. మా బడి పిల్లవాడే. ఏడో తరగతిలో భిన్నాలు రాక, వరుసగా సున్నాలు తెచ్చుకుని బడికి రావడం మానేశాడు. రిజిస్టరులో అతని పేరు కొట్టేసిన చేయి మాదే. ఇంటికి వెళ్ళి ఒక్కసారైనా అడగలేదు.

పాత అంబాసిడర్‌కు అంగుళాల పానాలే పడతాయి. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. అక్కడ 13 నంబరు పానా వేస్తే జారి నట్టు మూలలు అరిగిపోతాయి. ఒకరోజు ఉస్తాద్ కారు కింద నుంచి చేయి చాపి "అర" అన్నాడు. అందుకున్న పానా వదులైంది. "అట్లైతే 7/16 పట్టు ఉస్తాద్, అది అరకన్న 1/16 తక్కువ" అని ఆ అబ్బాయి ఆలోచించకుండా అందించాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రొట్టె ముక్కల బొమ్మలు గీసి ఏడాదంతా మేము చెప్పలేకపోయిన పాఠం అది.

ఇంకో రోజు అతనే అడిగాడు: ప్లగ్గుల వైర్లు 1-3-4-2 వరుసలోనే ఎందుకు పెట్టాలని. "మా ఉస్తాద్ అట్లే చెప్పిండు" అన్నాడు ఉస్తాద్. మాకూ తెలియదు. ఇంటికెళ్ళి పుస్తకం చదివి, మర్నాడు షెడ్డు గోడ మీద సుద్దముక్కతో బొమ్మ గీశాం. ఒకటి, నాలుగు పిస్టన్లు కలిసి పైకొస్తాయి. రెండు, మూడు కలిసి కిందికి పోతాయి. ఆ వరుసలో నిప్పు పడితే ఇంజను తిరిగే ప్రతి అర చుట్టుకూ ఒక తోపు అందుతుంది. ఉస్తాద్ పానా పక్కన పెట్టి వచ్చి, ఆ అబ్బాయి పక్కనే కూర్చుని విన్నాడు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనికి కారణం ఆ రోజు తెలిసిందన్నాడు. ఆ ముప్పై ఏళ్ళ పని ముందు మా చదువు ఎంత చిన్నదో మాకూ తెలిసింది.

బండి సిద్ధమయ్యాక జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాదు తీసుకెళ్ళాం. ఇద్దరికీ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూపించాం. మన ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన కారు అది. ఆయన 1911లో కన్నుమూశాకే అది వచ్చింది. మొత్తం 356 మైళ్ళే నడిచిందని చెబుతారు. ఉస్తాద్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "మంచిగ కాపాడిన్రు. కానీ పాపం, ఎవ్వర్నీ దవాఖానకు తీస్కపోలేదు" అన్నాడు.

పెద్దలకు మా విన్నపం రెండు మాటలు. మన పట్టణంలోని షెడ్లలో ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. పద్నాలుగేళ్ళు నిండినవారు ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాయవచ్చు. అది పాసైతే ఐటీఐలో రెండేళ్ళ మోటార్ మెకానిక్ కోర్సుకు దారి ఉంది. వారి ఫీజు సొసైటీ భరించాలి, ఇది మొదటిది. శుక్రవారం షెడ్లకు సెలవు. నమాజు తర్వాత రెండు గంటలు పాఠం చెప్పడానికి మాకొక గది ఇవ్వాలి, ఇది రెండోది. జీతం అక్కర్లేదు.

ఆ అబ్బాయి ఓపెన్ స్కూల్‌లో చేరాడు. బయట వేపచెట్టు కింద నిలిపిన కారును ఈ ఉదయం ఇక్కడికి తెచ్చింది ఉస్తాద్. నిలబడిపోయిన బండిని ఆయన కదిలించాడు. నిలబడిపోయిన పిల్లలను కదిలించే పని మనది.