రాబందులు పోయాయి, కుక్కలు పెరిగాయి
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి., షుగరు గురించి మీ డాక్టర్లు ఎలాగూ చెబుతారు. నేను రాబందుల గురించి చెబుతాను. ఆరోగ్యానికీ రాబందుకీ సంబంధమేమిటని నవ్వకండి, ఉంది.

మన చిన్నతనంలో పల్లెల్లో గొడ్డు చనిపోతే ఊరి బయటకు ఈడ్చి వేసేవారు. కాసేపటికి ఆకాశంలో ఒక చుక్క, తరువాత పది, ఆ తరువాత గుంపు. చూస్తుండగానే ఎముకల గూడు మిగిలేది. రాబందు కడుపులోని ఆమ్లం చాలా ఘాటైనది. కుళ్ళిన మాంసంలోని క్రిములు చాలావరకు అక్కడే నశిస్తాయి. పంచాయతీకి పైసా ఖర్చులేని పారిశుద్ధ్యం అది.

1990లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో రాబందులు మెడలు వాల్చి చనిపోవడం శాస్త్రజ్ఞులు గమనించారు. దేశంలో తెల్లవీపు రాబందులు 1992-2007 మధ్య 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. ఏదో కొత్త జబ్బనుకున్నారు. 2004లో వెలువడిన పరిశోధనతో అసలు కారణం తెలిసింది: డైక్లోఫెనాక్. అవునండీ, మోకాళ్ళ నొప్పికి మనలో చాలామంది మింగిన మాత్రే! దాన్ని పశువులకూ వాడారు. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి రోజుల్లోనే ప్రాణం పోతుంది.

పశువులు చావడం ఆగలేదు కదా. ఆ కళేబరాలు కుక్కల పాలయ్యాయి. తిండి దొరికితే సంతతి పెరుగుతుంది. రాబందు తిని ఎగిరిపోయేది. కుక్క మాత్రం వీధిలోకి వస్తుంది, కరుస్తుంది. మన దేశంలో రేబిస్ మనిషికి సోకేది ఎక్కువగా కుక్కకాటు వల్లనే. ఇలా పెరిగిన కుక్కల వల్ల 1992-2006 మధ్య 47 వేలమందికి పైగా అదనంగా రేబిస్‌తో చనిపోయారని 2008లో ఒక అంచనా వచ్చింది. అంచనాలలో హెచ్చుతగ్గులుంటాయి. సగం తీసేసినా తక్కువేమీ కాదు.

2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అయినా మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువులకు ఎక్కిస్తూనే వచ్చారు. 2015లో ఆ సీసాలనూ ఆపి, ఒక్క మోతాదుకు సరిపడే చిన్నవే ఉంచారు. మెలోక్సికామ్ వాడితే రాబందుకు హాని లేదు. పాడి ఉన్న మీ బంధువులకు ఈ సంగతి చెప్పండి. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, కనుక వాటి సంఖ్య మళ్ళీ పెరగడానికి చాలా కాలం పడుతుంది.

అంతవరకు కుక్కల బెడద మనదే. తెల్లవారి నడకకు వెళ్ళేవారు, ఇంట్లో మనుమలున్నవారు వినండి. కుక్క కరిచినా, గీరినా వెంటనే కుళాయి నీటి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం అద్దవద్దు. అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి, మోతాదులన్నీ పూర్తి చేయండి. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లన్నది వెనుకటి మాట. ఇప్పుడు చేతికే ఇస్తారు. లక్షణాలు బయటపడ్డాక మాత్రం నయం చేసే మందు లేదు. తిడతారని పిల్లలు కాటును దాచిపెడతారు. అమ్మానాన్నలకు చెప్పనిది మనం అడిగితే చెబుతారు. అడగండి.