ఏడాదికి వారం రోజుల ఇల్లు

ఆదివారం క్యాంపు మీటింగుల నేను మాట్లాడిన ముచ్చట ఇది. డ్యూటీ ఉండి రాలేనోళ్ల కోసం గ్రూపుల పెట్టమన్నరు, అందుకే రాస్తున్న.

మొన్న మన తమ్ముడొకడు ఒక కాగితం పట్టుకొని నా రూముకు వచ్చిండు. "అన్నా, థాయ్‌లాండ్‌ల సముద్రం ఒడ్డు రిసార్టుల వాటా ఇస్తరట. గురువారం లోపల అడ్వాన్సు కట్టాలట" అన్నడు. వీసాకు చేసిన అప్పే వానికి ఇంకా తీరలేదు.

ఆ కాగితం చూడంగనే నాకు 2016 యాదికొచ్చింది. దుబాయ్‌ల ఒక మాల్‌ల కూపన్ నింపిన. "గిఫ్ట్ తగిలింది, వచ్చి తీసుకపొమ్మ"ని ఫోన్ వచ్చింది. ఏసీ రూముల మూడు గంటలు కూసోబెట్టిన్రు. చాయ్ పోసి "సార్, సార్" అన్నరు. రోజంతా ఎండల నిలబడేటోణ్ని, ఆ మాటకే సగం పడిపోయిన. 28,000 దిర్హాంలకు సంతకం పెట్టిన. 6,000 కార్డు మీద, మిగతాది నెలకు 1,000 చొప్పున 22 నెలలు. బిడ్డ చదువుకు దాచే పైసలు అవే.

ఎన్నడు అడిగినా "సీజన్ ఫుల్" అన్నరు. మెయింటెనెన్స్ బిల్లు మాత్రం ఏటా తప్పలేదు. అయినా రెండేండ్లకోసారి ఊరికి పోయేటోనికి సముద్రం ఒడ్డున వారం రోజులు ఎందుకు? ఆ రోజు ఈ ఒక్క మాట నన్ను నేను అడుక్కోలేదు.

ఇందులో కిటుకు చెప్తా. టైమ్‌షేర్ అంటే ఏటా కొన్ని రోజులు ఉండే హక్కు మాత్రమే, ఇల్లు మనది కాదు. ఫ్రాక్షనల్ ఓనర్‌షిప్ అంటే ఆస్తిలోనే వాటా. అది నేరుగా మన పేరు మీద ఉండొచ్చు, లేదంటే ఆ ఇల్లు ఉన్న కంపెనీలో వాటాగా ఉండొచ్చు. నాకు నోటితో రెండోది చెప్పిన్రు, కాగితంలో మొదటిది రాసిన్రు. థాయ్‌లాండ్‌లో బయటి దేశపోళ్లకు మామూలుగా భూమి రాసియ్యరని నాకు తర్వాత తెలిసింది.

కాబట్టి ముందుగాల ఇవి అడగండి:

1. నా పేరు ఏ కాగితంలో, ఏ సర్కారు ఆఫీసులో ఎక్కుతది? ఆస్తి దుబాయ్‌లదైతే ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వాళ్ల దుబాయ్ రెస్ట్ యాప్‌లో చూడండి.

2. ఏటా కట్టే ఫీజు ఎంత? ఎవరు పెంచుతరు? ఎన్నేండ్లు కట్టాలి?

3. వద్దనుకుంటే ఎట్ల బయటపడాలి? "మేమే తిరిగి కొంటం" అంటే రాసిమ్మనండి.

ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. బాకీ కేసు పడితే కోర్టు ట్రావెల్ బ్యాన్ పెట్టొచ్చు. ఇంట్ల చావైనా, పెండ్లైనా ఇక్కడ్నే ఉండిపోతం.

ఇప్పటికే ఇరుక్కున్నోళ్లకు ఇంకో మాట. "మీ వాటా అమ్మిపెడతం, ముందు ఫీజు కట్టండి" అని నాకు ఫోన్ వచ్చింది. "అమ్మినంక అండ్లనే పట్టుకోండి" అన్న. ఫోన్ పెట్టేసిన్రు. మళ్ల చెయ్యలేదు. మీరూ అదే అనండి. కాగితాలన్నీ దగ్గర పెట్టుకొని ఇండియన్ కాన్సులేట్ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చెయ్యండి. నంబరు 80046342, ఫ్రీ కాల్.

తమ్ముడికి నేను ఒక్కటే చెప్పిన: నిజమైన వాటా అయితే గురువారం దాటినా ఉంటది. లేకపోతే ఖల్లీవల్లీ. మీరు కూడా సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని తీసుకొని నా రూముకు రండి. చాయ్ నేనే పోస్త.