పెరటి మెట్టు



ముంగిటి గడపకు మనమెల్లరము పసుపు పూయుదుము, ముగ్గు పెట్టుదుము. పెరటి గడపను తలచువారు తక్కువ. కాని గిన్నెలు తోముటకు, బట్టలారవేయుటకు, తులసికి నీరు పోయుటకు ఇంటి స్త్రీలు, పెద్దలు దినమునకు పదిమారులు దాటునది ఆ గడపయే. దాని క్రింద కదలెడు రాయి యొక్కటి పడియుండును. డెబ్బది యేండ్ల తల్లి దానిపై కాలు జారి తుంటి యెముక విరిగినచో మరల లేచి తిరుగుట ఎంత కష్టమో మనకు తెలియును.

ఒక్క మెట్టు కొరకు మేస్త్రీలు రారు. చుట్టును పెద్ద కట్టడములు లేచుచుండగా అరపూట పని వారికి గిట్టదు; అది వారి తప్పు కాదు. కావున తాపీ పట్టి యెరుగని మేమే ఇంటివారము కలిసి మా పెరటి మెట్టును కట్టుకొంటిమి. ఆ క్రమమును మనవి చేయుచున్నాము.

మొదటిది కొలత. మా గడప నేలకు 14 అంగుళముల ఎత్తున నున్నది. నడుమ ఒక్క మెట్టు పెట్టగా ఎక్కుడు చెరి 7 అంగుళములైనది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము ఇండ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లకు మించరాదు. కాలు పెట్టు చోటు 250కి తగ్గరాదు. అనగా సుమారు ఏడున్నర, పది అంగుళములు. వృద్ధుల కొరకు మేము 15 అంగుళముల చోటు ఉంచితిమి. ఎత్తులు సమముగా నుండుట ముఖ్యము. ఒకటి 5, ఒకటి 9 అయినచో చీకటిలో కాలు మోసపోవును.

రెండవది పునాది. 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గము ప్రారంభమైనది. హోసూరు రోడ్డుపై దాని స్తంభములను నిత్యము చూచుచున్నాము. స్తంభమునకైనను మెట్టుకైనను సూత్ర మొక్కటే: బరువు గట్టి నేలపై ఆనవలెను. 9 అంగుళములు త్రవ్వి, కంకర పోసి, నీరు చల్లి దిమ్మిసతో కొట్టితిమి. దానిపై ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక, ఆరు పాళ్లు కంకర కలిపి 4 అంగుళముల పొర వేసితిమి.

మూడవది కట్టుబడి. ఇటుకలను ముందుగా నానబెట్టవలెను. పొడి ఇటుక సిమెంటు మాలులోని తడిని పీల్చివేయును. రెండు వరుసలు పేర్చి రసమట్టముతో చూచుకొంటిమి. పై పూత గోడనుండి వెలుపలికి అడుగునకు పావు అంగుళము వాలవలెను. మన ప్రాంతమున సెప్టెంబరు, అక్టోబరులలో వానలు మెండు. నీరు నిలిచిన చోట పాచి పట్టును. నున్నని పలకలు వలదు. పచ్చిపూతపై చీపురుతో గీతలు గీసినచో కాలు జారదు. పచ్చి సిమెంటు చర్మమును కాల్చును గనుక రబ్బరు తొడుగులు ధరింపవలెను.

నాల్గవది ఓర్పు. సిమెంటు ఎండుటవలన గట్టిపడునని పలువురి తలంపు. అది నీటితో కలిసియే గట్టిపడును. కనీసము ఏడు దినములు తడి గోనెపట్టాలు కప్పి, ఎవ్వరును అడుగు పెట్టకుండ చూడవలెను.

గోడ బీటలు వారినను, క్రింద మురుగు గొట్టము పోవుచున్నను మేస్త్రీని పిలుచుటయే మేలు.

చివరగా ఒక ప్రతిపాదన. తాపీ, రసమట్టము, దిమ్మిస ఒక్కొక్కటి సంఘమున ఉంచుదము. మన యువకులు ఆదివారములందు ఒంటరిగా నున్న వృద్ధుల ఇండ్లకు పోయి పెరటి గుమ్మములు చూచి రావలెను. ఇరుగుపొరుగు కన్నడ కుటుంబములకును ఈ సాయము అందవలెను. తమ యింటి పని తాము చేసికొనుట చిన్నతనము కాదు. పెద్దలను పడనిచ్చుటయే చిన్నతనము.