అమ్మా, తను చర్చికి ఎందుకు రాదు?

"అమ్మా, నా ఫ్రెండు చర్చికి ఎందుకు రాదు? యేసయ్య అంటే ఇష్టం లేదా?" అని బిడ్డ అడిగితే కసురుకోకండి. నువ్వు మా దగ్గర ప్రార్థన నేర్చుకున్నట్టే, తను వాళ్ళమ్మ దగ్గర దీపం పెట్టడం నేర్చుకుందని చెప్పండి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో క్రైస్తవులు నూటికి ఇద్దరు ముగ్గురే. నచ్చిన మతాన్ని పాటించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం అందరికీ ఇచ్చింది.

స్నేహితురాలు నరకానికి పోతుందని మాత్రం పసిమనసును భయపెట్టకండి, దయచేసి. యేసు చెప్పిన కథలో, దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాడికి నూనె రాసి కట్టుకట్టినవాడు యూదులు దూరం పెట్టిన సమరయుడు. ఆ కథ చెప్పండి.

బళ్ళో వినాయక చవితి ప్రసాదం పెడితే ఏం చెయ్యాలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. వద్దనుకుంటే, ముఖం చిట్లించకుండా "వద్దమ్మా, థాంక్స్" అనడం నేర్పండి.