క్రాస్‌లింకింగ్ తరువాత కన్ను
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగశ్రవణంలో ఒక ఏటి ఫలితం విన్నారు. నేను మనవి చేయబోయేది పదేళ్ల సంగతి. క్రాస్‌లింకింగ్ చికిత్స పొందిన కంటిలో ఆ పదేళ్లలో ఏ మార్పులు వస్తాయన్నదే నా విషయం.

కంటి ముందు గడియారపు అద్దంలా ఉండే పారదర్శకమైన పొర పేరు కార్నియా. నడుమ దాని మందం సుమారు అర మిల్లీమీటరు. కొందరికి యౌవనారంభంలో ఈ పొర పలచబడి, శంకువులాగా ముందుకు పొడుచుకు వస్తుంది. అదే కెరటోకోనస్. కళ్లజోడు నంబరు మాటిమాటికీ మారుతుంది. అక్షరానికి నీడ కనబడుతుంది. కళ్లు నులుముకొనే అలవాటు దీన్ని ముదరబెడుతుంది.

జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో వోలెన్‌జాక్, ష్పెర్ల్, జైలర్ అనే ముగ్గురు దీనికి చేసిన చికిత్సా ఫలితాలను 2003లో ప్రకటించారు. వారి పద్ధతిలో పైనున్న పలుచని చర్మాన్ని తీసి, రైబోఫ్లేవిన్, అనగా బి2 విటమిను చుక్కలు అరగంటసేపు వేస్తారు. ఆపైన మరో అరగంట అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తారు. దానితో కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడతాయి. వదులైన పందిరికి అడ్డుకర్రలు కట్టి బిగించడం వంటిదే ఇది.

మొదటి నెలల్లో కార్నియాలో సన్నని పొగమంచు వంటి మసక రావచ్చు. సాధారణంగా ఏడాదిలోపు అది తగ్గుతుంది. కిరణాలకు నశించిన ముందుభాగపు కణాల స్థానంలో సుమారు ఆరునెలలకు కొత్తవి చేరుతాయి.

డ్రెస్డెన్ వైద్యులే 24 మంది రోగుల 34 కళ్లను పదేళ్లు పరిశీలించి 2015లో ఫలితాలు వెల్లడించారు. శంకువు కొనవద్ద వంపు సగటున 61.5 డయాప్టర్ల నుండి 55.3కు తగ్గింది. కార్నియా లోపలి వరుస కణాలు తగ్గలేదు. అయితే రెండు కళ్లకు చికిత్స మళ్లీ చేయవలసి వచ్చింది: ఒకదానికి అయిదేళ్లకు, మరొకదానికి పదేళ్లకు! కొందరిలో కార్నియా ఏళ్ల తరబడి చదునవుతూనే ఉంటుంది. చిన్నపిల్లల్లో వ్యాధి తిరిగి సాగే అవకాశం పెద్దలలో కంటె ఎక్కువ.

కనుక నంబరు మారినంతమాత్రాన వ్యాధి తిరగబెట్టిందనీ అనలేము, మారనంతమాత్రాన నిశ్చింతగా ఉండనూ లేము. తేల్చి చెప్పగలిగేది కార్నియా పటాలను పక్కపక్కన పెట్టి చూసిన వైద్యుడే.

ఇక్కడే మన కుటుంబాల చిక్కు ఉంది. పిల్లవాడి బాల్యం బరంపురంలో, చదువు చెన్నైలో, ఉద్యోగం పూనాలో. పాత పటం ఏ ఊళ్లోనో ఉండిపోతే కొత్త వైద్యుడు దేనితో పోల్చగలడు? ఇక ఆడపిల్ల విషయంలో, సంబంధం తప్పిపోతుందని దాచి, పరీక్షలే మానిపించే తల్లిదండ్రులున్నారు. గర్భధారణ కాలంలో కొందరికి ఈ వ్యాధి ముదరవచ్చు. దాచిన రహస్యానికి ఆ బిడ్డ చూపే మూల్యమవుతుంది.

ఈ చికిత్స వ్యాధిని ఆపడానికే గాని, కళ్లజోడు మాన్పించడానికి కాదు. మొదటి పటాన్ని జాతకంతో పాటు భద్రపరచండి. వైద్యుడు చెప్పిన గడువుకు పరీక్ష చేయించండి. కళ్లు నులుముకోనివ్వకండి.