నిద్ర వేరు, నీరసం వేరు
(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం)

నేను 1986 పదో తరగతి బ్యాచ్, బి సెక్షన్. పోయిన నెల కార్యదర్శి గారు ఫోన్ చేసి, "కరెంటు ఇంజనీరువి కదా, సోలార్ గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. సోలార్ గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు మన సంఘంలోనే నలుగురున్నారు. నా జబ్బు గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే, మరీ భయపెట్టకు" అన్నారు. భయపెట్టను.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. పొట్టిగా ఎం.ఎస్. మన ఊళ్ళో ఎం.ఎస్. అంటే పిల్లలు అమెరికా వెళ్ళి చేసేది. నాది ఆ ఎం.ఎస్. కాదు.

2011 వేసవిలో ఒక సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో ప్యానెల్ ముందు నిలబడి ఉన్నాను. మూడు ఫేజులకు మూడు దీపాలుంటాయి, ఎరుపు, పసుపు, నీలం. ఎర్ర దీపం వెలిసిపోయినట్టు కనిపించింది. అక్కడున్న ఆపరేటర్ కుర్రాణ్ణి అడిగితే "బాగానే వెలుగుతోంది కదా సార్" అన్నాడు. ఎడమ కన్ను మూసి చూశాను, దీపం ఎర్రగానే ఉంది. కుడి కన్ను మూసి చూశాను, పాత ఇటుక రంగు. కన్ను పక్కకు తిప్పితే లోపల నొప్పి. కంటి డాక్టరు చూసి, ఇది కంటి జబ్బు కాదు, కంటి వెనక నరం వాచిందని న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు. ఎం.ఆర్.ఐ. తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. రెండు నెలల్లో చూపు దాదాపు తిరిగొచ్చింది. జబ్బు మాత్రం ఉండిపోయింది.

లోపల జరిగేది ఇది. మెదడులో, వెన్నుపాములో నరాల తీగల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఆ పొరను పరాయిదనుకుని కొరికేస్తుంది. కొరికిన చోట మచ్చ గట్టిపడుతుంది. 1868లోనే పారిస్‌లో షార్కో అనే వైద్యుడు ఈ మచ్చలకూ రోగి లక్షణాలకూ ఉన్న సంబంధాన్ని చూసి దీనికొక జబ్బుగా రూపమిచ్చాడు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. కరెంటు తీగకు ఇన్సులేషన్ పోతే షార్టవుతుంది. నరానికి పోతే షార్టు కాదు, సంకేతం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి దారిలోనే ఆగిపోతుంది. దాడులు తగ్గించే మందులు ఇప్పుడు చాలా ఉన్నాయి, నేనూ వాడుతున్నాను. వాటి జోలికి ఇవాళ పోను.

చెప్పదలుచుకున్నది అలసట గురించి. ఎం.ఎస్. ఉన్నవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి ఇది ఉంటుంది. కాలు ఈడ్చడం, చేయి వణకడం కంటే దీనివల్లే ఉద్యోగాలు మానేసేవాళ్ళు ఎంతోమంది. ఎవరికీ కనిపించదు, స్కానులో కూడా కనిపించదు.

తెలుగులో మనం అన్నిటికీ "నీరసం" అనేస్తాం. జ్వరం తగ్గాకా నీరసమే, ఉపవాసం ఉన్నా నీరసమే, పెళ్ళిలో మూడు రోజులు నిద్ర లేకపోయినా నీరసమే. ఊళ్ళో అయితే వెంటనే ఓ సెలైన్ సీసా, ఓ బి కాంప్లెక్స్ సూది. నాకొచ్చింది వేరు. పొద్దున ఆరింటికి మామూలు మనిషిని. పదకొండు దాటేసరికి ఎవరో స్విచ్ తీసేసినట్టు ఉంటుంది. డ్రాయింగు ముందుంటుంది, గీతలు కనిపిస్తుంటాయి, అర్థం కావు. తెలిసిన మాట నోటికి రాదు. పడుకుంటే నిద్ర రాదు, లేస్తే నిలబడలేను. చేసిన పనికీ వచ్చిన అలసటకూ లెక్క కుదరదు.

ఎండలో ఇది రెట్టింపవుతుంది. 1890లో ఊథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు దీన్ని గమనించాడు. ఒళ్ళు వేడెక్కితే ఈ రోగుల చూపు తాత్కాలికంగా మందగిస్తుందని. ఎం.ఆర్.ఐ. రాకముందు అనుమానం ఉన్న రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు ముదురుతాయేమో చూసేవారట. మనకు తొట్టి అక్కర్లేదు, మే నెల చాలు! పొర ఊడిన నరంలో సంకేతం అసలే అంతంతమాత్రంగా నడుస్తుంటుంది. ఒంటి వేడి కొద్దిగా పెరిగినా ఆగిపోతుంది. చల్లబడితే మళ్ళీ నడుస్తుంది. అందుకే నా సంచిలో ఎప్పుడూ తడి తువ్వాలు, ఐసు నీళ్ళ ఫ్లాస్కు ఉంటాయి.

మందు సంగతికి వస్తాను. నా డాక్టరు గారు వెంటనే మాత్ర రాయలేదు, అందుకు ఆయనంటే గౌరవం. ముందు రక్తం, థైరాయిడ్, బి12, విటమిన్ డి చూశారు. గురక ఉందా అని మా ఆవిణ్ణి అడిగారు. మనసు దిగులుగా ఉంటోందా అని నన్నడిగారు. అప్పట్లో నేను వారానికో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ తీసుకునేవాణ్ణి. సూది పడిన మర్నాడు ఒళ్ళు నొప్పులు, అదొక అలసట. చివరికి ఆయన అడిగిన ప్రశ్న: "రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తారు?" నాలుగైదుసార్లు. ఎం.ఎస్. మూత్రాశయం నరాలను కూడా వదలదు. దానికి మందిచ్చారు, సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళు, కాఫీ తగ్గించమన్నారు. రాత్రికి ఒక్కసారి లేవడానికి వచ్చేసరికి నా పగటి కష్టంలో మూడో వంతు పోయింది. ఎం.ఎస్. లేని మీలో ఎవరికైనా పగలంతా మగతగా ఉంటే, ముందు రాత్రి ఎలా గడుస్తోందో చూసుకోండి.

మిగిలినదానికి మోడాఫినిల్ ఇచ్చారు, పొద్దున 100 మిల్లీగ్రాములు. ఇది 1970లలో ఫ్రాన్సులో పుట్టిన మందు. నార్కోలెప్సీ అని, కూర్చున్నచోటే నిద్ర ముంచుకొచ్చే జబ్బు ఒకటుంది, దాని కోసం. అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. తర్వాత నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు, రాత్రి షిఫ్టుల వాళ్ళకు కూడా ఇచ్చారు. ఎం.ఎస్. అలసటకు అధికారికంగా అనుమతి లేదు, డాక్టర్లు తమ విచక్షణతో రాస్తారు. 2010లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ నార్కోలెప్సీకి తప్ప మిగతావాటికి వాడవద్దని చెప్పింది కూడా. ఇవన్నీ డాక్టరు గారే నాకు చెప్పి, "ప్రయత్నిద్దామా?" అన్నారు.

మొదటి వారం తలనొప్పి, నోరెండిపోవడం. తర్వాత సర్దుకుంది. పనిచేసిందా? చేసింది, నేననుకున్న పని కాదు. కనురెప్పలు లేచాయి, కాళ్ళు లేవలేదు. మధ్యాహ్నం మీటింగులో తల వాలడం ఆగింది. స్విచ్‌యార్డులో ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే మాత్రం ఎప్పటిలాగే మధ్యలో స్ట్రక్చర్ పట్టుకుని నిలబడాలి. నిద్రమత్తూ అలసటా వేరువేరని నాకు అప్పుడే అర్థమైంది. మాత్ర మొదటిదాని మీద పనిచేస్తుంది. రెండోదాన్ని ముట్టుకోదు, లేదా ముట్టుకున్నట్టు అనిపిస్తుంది.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2021లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. 141 మంది ఎం.ఎస్. రోగులకు అమాంటాడిన్, మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్, మందు లేని ఉత్తుత్తి మాత్ర, నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి చూశారు. అలసట తగ్గించడంలో ఏ మందూ ఉత్తుత్తి మాత్రను మించలేదు. దుష్ప్రభావాలు మాత్రం మందులకే ఎక్కువ. అయితే పగటి నిద్రమత్తు బాగా ఉన్నవాళ్ళను విడిగా చూస్తే, వాళ్ళ మత్తు మోడాఫినిల్‌తోనూ మిథైల్‌ఫెనిడేట్‌తోనూ తగ్గింది. 2024లో అదే పత్రికలో ఇంకొకటి వచ్చింది. ఒక గుంపుకు మోడాఫినిల్, ఇంకో గుంపుకు ఫోనులోనే కౌన్సెలింగ్, మూడో గుంపుకు రెండూ. కౌన్సెలింగ్ అంటే ఓదార్పు కాదు, ఆలోచననూ అలవాట్లనూ పద్ధతిగా మార్చుకునే శిక్షణ. మూడు గుంపులకూ అలసట ఇంచుమించు ఒకేలా తగ్గింది. రెండూ కలిపితే అదనపు లాభం లేదు. మాత్ర ఎంతో, రోజును సర్దుకోవడమూ అంతే అన్నమాట. ఇంజనీరుగా నాకు నచ్చిన ఫలితం ఇదే.

మరి నేనెందుకు వేసుకుంటున్నాను? ఆ ప్రశ్న డాక్టరు గారూ వేశారు. రెండు వారాలు మాని, రెండు వారాలు వాడి, రాసి చూపించమన్నారు. సబ్‌స్టేషన్‌లో గంటగంటకూ లాగ్‌షీటు రాసిన చేయి కదా, రాశాను. మాని ఉన్న 12 పనిరోజుల్లో తొమ్మిది రోజులు కుర్చీలో కునుకు పట్టింది. వాడిన 12 రోజుల్లో రెండు రోజులు. నడక, మెట్లు, సాయంత్రం ఒంటి బరువు, వీటిలో తేడా లేదు. ఏది వేసుకుంటున్నానో నాకు తెలుసు కాబట్టి మనసు భ్రమ కొంత ఉండే ఉంటుంది. అయినా నాకు సరిపోయింది. ఇప్పుడు తప్పనిసరి పని ఉన్న రోజుల్లోనే వేసుకుంటాను, వారానికి మూడు. అదీ పొద్దున ఏడులోపే. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 15 గంటలు పడుతుంది. ఏడింటికి వేసుకుంటేనే రాత్రి పదింటికి సగం ఇంకా లోపలే ఉంటుంది. మధ్యాహ్నం వేసుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది, మర్నాటి మత్తు పెరుగుతుంది, ఇంకో మాత్ర కావాలనిపిస్తుంది.

మిగిలినదంతా లోడ్ సర్దుబాటు. బుర్రపెట్టాల్సిన పని పదకొండు లోపు. సైటుకు పొద్దున్నే. ఐదున్నరకు నడక. వ్యాయామం ఈ అలసటను పెంచదు, కొంత తగ్గిస్తుంది, మోతాదు తెలియాలి అంతే. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు రిలే గదిలో కళ్ళు మూసుకుని కూర్చుంటాను. అక్కడ ఏసీ ఉంటుంది, రిలేల కోసం పెట్టింది, నాకూ పనికొస్తుంది.

ఆ ఇరవై నిమిషాల కోసం పోరాడాల్సి వచ్చింది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో పై అధికారి, "చూడ్డానికి నిక్షేపంలా ఉన్నావు, నీకేమయ్యా" అన్నారు. సహోద్యోగులు నా సీటుకు పడక సీటని పేరు పెట్టారు. స్వచ్ఛంద విరమణ కాగితం కూడా టైపు చేసుకున్నాను. మా ఆవిడ దాన్ని బియ్యం డబ్బా కింద దాచేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది, అందులో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుతో సహా ఉంది. పనిచోట తగిన వెసులుబాటు అడగవచ్చు. డాక్టరు ఉత్తరం జతచేసి, విశ్రాంతి 20 నిమిషాలు, ఎండవేళ సైటు పని వద్దు అని రెండే కోరుతూ అర్జీ పెట్టాను. నాలుగు నెలలకు ఒప్పుకున్నారు. ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను.

మూడేళ్ళ కిందట మన బ్యాచ్ కలిసినప్పుడు భోజనాలు కాగానే లేచి వెళ్ళిపోయాను. "వాడికి పొగరెక్కిందిరా" అన్నారని తర్వాత తెలిసింది. అన్నవాడు ఇక్కడే మూడో వరుసలో ఉన్నాడు, నవ్వుతున్నాడు. ఒరేయ్, నీ మీద కోపం లేదు, నేను చెప్పలేదు, నీకు తెలియదు.

ఇంకో మిత్రుడు విషయం తెలిశాక ఫోన్ చేశాడు. "ఏరా, నిద్ర రాని మాత్రట కదా, మావాడు ఎంట్రన్సుకు చదువుతున్నాడు, ఓ స్ట్రిప్ ఇప్పించరాదూ?" ఇప్పించలేదు. ఇక్కడ తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ ఉన్నారు కాబట్టి కారణం చెబుతాను. పిల్లల్లో ఏకాగ్రత లోపానికి ఈ మందును వాడేందుకు 2006లో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది, చర్మం ఊడిపోయే ప్రాణాంతకమైన దద్దుర్ల భయంతో. అరుదే, కానీ వస్తే మామూలుగా ఉండదు. గర్భనిరోధక మాత్రల పనిని ఇది తగ్గిస్తుంది, పెళ్ళయిన ఆడపిల్లలకు తెలియాలి. గర్భంతో ఉన్నవాళ్ళు వాడకూడదు. అన్నిటికంటే, చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర చంపి చదవడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. ఆ కుర్రాడు ఎనిమిది గంటలు పడుకునే రాశాడు. ర్యాంకు సంగతి వాళ్ళ నాన్ననే అడగండి.

చీటీల మీద రెండు ప్రశ్నలు వచ్చాయి.

ఒక అక్కగారు రాశారు: "ఇది పిల్లలకు వస్తుందా?" నేరుగా వారసత్వంగా వచ్చే జబ్బు కాదమ్మా. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు. మా అమ్మాయికి ఈ లెక్క చెప్పాను. అందుకని తనకు ముందుగా పరీక్షలేవీ చేయించలేదు, డాక్టరూ అక్కర్లేదన్నారు.

రెండోది మన లెక్కల మాస్టారు గారిది, చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. "తొమ్మిదో తరగతిలో నా క్లాసులో నిద్రపోయేవాడివి, అప్పుడే మొదలైందా?" లేదు మాస్టారూ. అది భోజనం తర్వాత మొదటి పీరియడు, రేకుల షెడ్డు, ఆల్జీబ్రా. అది మామూలు నిద్రే.