ఆరుగురికి ఒక్క బర్నబా

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:26-28, 11:22-26

 

ప్రియులారా, ఇవి కాలేజీలు తెరిచే రోజులు. ఉదయం పూట మా ఊరి బస్టాండులో నిలబడితే మీకే తెలుస్తుంది. భుజాన బ్యాగు, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు పట్టుకొని బిడ్డ నిలబడి ఉంటుంది. పక్కన అమ్మ చేసిచ్చిన మురుకుల డబ్బా పట్టుకొని నాన్న ఉంటాడు. పుత్తూరు మీదుగా తిరుపతికి పోయే బస్సు కోసం ఇద్దరూ చూస్తుంటారు. తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చిన తరువాత మన పల్లెల పిల్లలకు పెద్ద చదువు దగ్గరయింది. ఆ ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కుతున్న మొదటి బిడ్డ ఆమే కావచ్చు. అలాంటి బిడ్డల కోసం సంఘములో ప్రార్థన చేసి, తలమీద చెయ్యి పెట్టి పంపిస్తాం. చాలా మంచిది. అయితే ఈ దినము నేను మిమ్మల్ని ఒక్క మాట అడగాలనుకుంటున్నాను. అక్కడ బస్సు దిగిన తరువాత ఆ బిడ్డ చెయ్యి పట్టుకొనేది ఎవరు?

మనము చదువుకొన్న వాక్యభాగములో సౌలు యెరూషలేముకు వచ్చాడు. శిష్యులతో కలిసికొనుటకు ప్రయత్నించాడు. కాని అందరూ అతనికి భయపడ్డారు. అతడు నిజంగా శిష్యుడంటే ఎవరూ నమ్మలేదు. సౌలు చదువు లేనివాడా? గమలీయేలు పాదములయొద్ద చదివినవాడు. దర్శనము లేనివాడా? దమస్కు మార్గములో ప్రభువునే చూచినవాడు. తెలివి ఉంది, పిలుపు ఉంది. లేనిదల్లా ఒక్కటే. లోపల ఉన్నవారిలో 'ఇతడు మావాడు' అని చెప్పే మనిషి ఒక్కడూ లేడు.

అప్పుడు బర్నబా వచ్చాడు. సౌలును దగ్గరకు తీసుకొన్నాడు. అపొస్తలుల యొద్దకు తోడుకొని వెళ్ళాడు. ఇతనికి ఏమి జరిగిందో అతని పక్షముగా వారికి వివరించాడు. ఆ తరువాత సౌలు వారితోకూడ వస్తూ పోతూ ఉన్నాడని 28వ వచనములో చూస్తాము. ఇక్కడ బర్నబా పెద్ద ప్రసంగము చేయలేదు. ధనసహాయము చేసినట్లు కూడా వ్రాయబడలేదు. వాకిట్లో నిలబడిపోయినవాణ్ణి లోపలికి తీసుకొని వెళ్ళాడు, అంతే. బర్నబా పేతురంతటి పెద్దవాడు కూడా కాదు. సౌలు కంటే కొద్దిగా ముందు సంఘములో చేరినవాడు. కాలేజీ భాషలో చెప్పాలంటే ఒక సీనియరు.

బర్నబా అనే పేరుకు మన తెలుగు బైబిలులో 'హెచ్చరిక పుత్రుడు' అని అర్థమిచ్చారు. ఈ రోజుల్లో హెచ్చరిక అంటే 'జాగ్రత్త, ఒళ్ళు దగ్గర పెట్టుకో' అని బెదిరించడం అనుకుంటాము. మన పెద్దలు తర్జుమా చేసినప్పుడు ఆ మాటలో ధైర్యము చెప్పడం, ఆదరించడం, ముందుకు నడిపించడం అన్నీ ఉన్నాయి. సీనియర్లు జూనియర్లకు ఇచ్చే హెచ్చరిక ఈ రెండింటిలో ఏదో మీరే ఆలోచించండి.

నా సంగతి ఒకటి చెప్తాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా పక్క పల్లె పిల్లవాడు అదే కాలేజీలో చేరాడు. వాళ్ళ నాన్న మామిడి తోటల్లో కూలి పని చేసేవాడు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని హాస్టలు దాకా వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకొని, "నాయనా, మావోడికి ఈడ ఎవురూ తెలీదు. నువ్వుండావనే ధైర్యంతో వదిలిపెట్టి పోతా ఉండా" అన్నాడు. "నేను చూసుకుంటాలే మామా" అన్నాను.

ఆ రాత్రి కొత్తవాళ్ళందరినీ వరసగా నిలబెట్టారు. ఇంగ్లీషులో పరిచయం చేసుకోమన్నారు. ఆ పిల్లవాడు తడబడ్డాడు. అందరూ నవ్వారు. వాడు నా వైపు చూశాడు. నేనూ నవ్వాను. నేను కొట్టలేదు, తిట్టలేదు, నవ్వానంతే. ఎందుకు నవ్వానో తెలుసా? కిందటి ఏడు అదే వరసలో నేను నిలబడ్డాను. 'నేను పడ్డాను గదా, వీడూ పడనీ' అనుకొన్నాను. మూడో వారానికి వాడి మంచం ఖాళీ. ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ చదువు ముఖం చూడలేదు.

చాలా సంవత్సరాల తరువాత, సేవలో ఉండగా, అతని ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "అదంతా ఎప్పుడో మర్చిపోయినాన్నా" అన్నాడు. కాసేపాగి, ఆ ట్రంకు పెట్టె కొనడానికి వాళ్ళ నాన్న ఎంత అప్పు చేశాడో రూపాయలతో సహా చెప్పాడు. మర్చిపోలేదన్నమాట.

దేవుడు నన్ను అక్కడే విడిచిపెట్టలేదు. సెమినరీలో చేరినప్పుడు నేనే కొత్తవాణ్ణయ్యాను. గ్రీకు భాష అక్షరాల దగ్గరే నా బుర్ర తిరిగింది. ఇంటికి పోదామని సంచి సర్దుకొన్నాను. ఆ రాత్రి ఒక సీనియరు అన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ధైర్యవచనాలేమీ చెప్పలేదు. తన మొదటి పరీక్ష పేపరు తెచ్చి చూపించాడు. నిండా ఎర్ర సిరా. అందులో అతను పాసు కాలేదు. "నేనూ ఇక్కడే ఉన్నాను గదా" అన్నాడు. రోజూ భోజనం తరువాత అరగంట నాతో కూర్చున్నాడు. సంచి విప్పేశాను. ఈ రోజు మీరు వింటున్న ఈ స్వరము ఆ అరగంటల ఫలము.

ప్రియులారా, చట్టం ఊరుకోలేదు. మన రాష్ట్రంలో ర్యాగింగును నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి సీనియర్ల చేతి దెబ్బలకు చనిపోయాడు. దేశమంతా కదిలిపోయింది. అదే సంవత్సరం యూజీసీ కఠినమైన నిబంధనలు తెచ్చింది. ఆ నిబంధనల్లో శిక్షల సంగతి అందరికీ తెలుసు. అందులోనే ఒక మంచి ఏర్పాటు ఉంది, అది చాలామందికి తెలియదు. ప్రతి విద్యాసంస్థ, సంవత్సరం చివరలో, మనస్ఫూర్తిగా ముందుకు వచ్చిన విద్యార్థులతో ఒక మెంటరింగ్ సెల్ ఏర్పాటు చేయాలి. వచ్చే ఏడు చేరబోయే ఆరుగురు కొత్తవారికి ఒక సీనియరు తోడుగా ఉండాలి. అలాంటి ఆరుగురు సీనియర్లకు పై తరగతి విద్యార్థి ఒకరు తోడుండాలి. ఆరుగురికి ఒక్క బర్నబా! కాగితం మీద ఏర్పాటు ఉంది. ముందుకు వచ్చే మనిషి కావాలి.

తమ్ముడూ, చెల్లీ, నువ్వు రెండో సంవత్సరంలోనో మూడో సంవత్సరంలోనో ఉన్నావా? పేరు ఇవ్వు. మీ కాలేజీలో ఆ సెల్ లేకపోతే ప్రిన్సిపాలుగారిని అడుగు. అప్పటిదాకా ఒక్కరి చెయ్యి పట్టుకో. ఏమి చేయాలి అంటావా?

మొదటిది, మొదటి పది దినములు దగ్గరుండు. మెస్సు, లైబ్రరీ, స్కాలర్‌షిప్ కాగితాలు ఇచ్చే కౌంటరు చూపించు. మొదటి ఆదివారం సాయంత్రం ఇంటిమీద బెంగ ఎక్కువవుతుంది. ఆ పూట పక్కన కూర్చొని భోంచెయ్యి.

రెండవది, నీ మార్కుల గొప్ప కాదు, నీవు తప్పిన సంగతి చెప్పు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన బిడ్డకు క్లాసులో ఇంగ్లీషు పాఠం అర్థం కానప్పుడు, 'నాకు ఒక్కడికే తెలివి లేదు' అనుకొంటాడు. నీకు కూడా మొదట్లో అర్థం కాలేదని చెప్పు. పాత ప్రశ్నపత్రాలు ఇవ్వు. వాడి రికార్డు నువ్వు రాసిపెట్టకు.

మూడవది, యజమానివి కావద్దు. పనులు చెప్పవద్దు, డబ్బు అడగవద్దు. కులము, మతము చూడవద్దు. మంచి సమరయుడు దారిలో పడియున్నవాణ్ణి నీది ఏ ఊరని అడగలేదు. ప్రార్థన కూటానికి వస్తేనే నోట్సు ఇస్తానంటే అది ప్రేమ కాదు, బేరము.

నాలుగవది, అపాయమును దాచిపెట్టవద్దు. 'బ్రతకాలని లేదు' అని ఒక బిడ్డ నీతో అంటే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకు. ఒంటరిగా విడిచిపెట్టకు. వెంటనే వార్డెనుకు, ఇంటివారికి చెప్పు. టెలి మానస్ నంబరు 14416. ర్యాగింగు మీద ఫిర్యాదుకు 1800-180-5522. రెండింటికీ డబ్బు కట్టనక్కరలేదు. బర్నబా కూడా సౌలును తన దగ్గరే ఉంచుకోలేదు, పెద్దల యొద్దకు తీసుకొని వెళ్ళాడు.

సంఘ పెద్దలారా, మీకూ ఒక మనవి. ఈ ఆదివారమే ఒక కాగితం తీయండి. తిరుపతిలో, చిత్తూరులో, వేలూరులో, చెన్నైలో చదువుతున్న మన పిల్లల పేర్లు ఒక పక్క వ్రాయండి. ఈ ఏడు కొత్తగా వెళ్తున్నవారి పేర్లు రెండో పక్క వ్రాయండి. ఇద్దరిద్దరిని జతపరచండి. ఆడపిల్లకు ఆడపిల్లనే తోడివ్వండి. అలాగే మన వాకిట్లోకి కూడా చూడండి. మా కార్వేటినగరంలో ఉపాధ్యాయ శిక్షణ కోసం డైట్ ఉంది. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి మన వీధుల్లో గది వెదుక్కుంటారు. వారికి మనమే యెరూషలేము. తలుపు తీస్తామా, లేదా?

ఇంకొక్క మాట. తరువాత బర్నబా తార్సుకు వెళ్ళి, సౌలును వెదకి, అంతియొకయకు తోడుకొని వచ్చాడు. ఒక సంవత్సరమంతా ఇద్దరూ కలిసి బోధించారు. మొదట 'బర్నబా, సౌలు' అని కనబడే పేర్లు, 13వ అధ్యాయము దాటేసరికి 'పౌలు, బర్నబా' అవుతాయి. నీవు చెయ్యి పట్టుకొన్న బిడ్డ నిన్ను దాటిపోవచ్చు. దాటిపోతే దేవునికి స్తోత్రము చెల్లించు.

ప్రార్థన చేసుకుందాము.

పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఏడు ఇల్లు విడిచి వెళ్తున్న ప్రతి బిడ్డను నీ చేతికి అప్పగిస్తున్నాము. వారికి ముందుగా నడిచిన అన్నలను, అక్కలను లేపుము. నవ్విన మా పాపము క్షమించుము. ఖాళీ మంచము విడిచి తిరిగి వెళ్ళిపోయినవారిని జ్ఞాపకము చేసికొనుము. మేము వారిని మరల వెదకునట్లు మాకు కాళ్ళు ఇమ్ము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.